ఏడు బన్నులు, ఒక ఖాళీ పెట్టె
(ఫిల్మ్ క్లబ్‌లో 'టు లివ్' అనే చైనా సినిమా ప్రదర్శన ముగిశాక చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

లైట్లు వేశాక కూడా కాసేపు ఎవరూ కుర్చీల్లోంచి లేవలేదు. కళ్ళు తుడుచుకుంటున్నవాళ్ళు కనిపించారు. వెంటనే మాట్లాడబుద్ధి కాలేదు నాకు, అందుకే మంచినీళ్ళ పేరుతో ఐదు నిమిషాలు ఆగాను.

సినిమా నడుస్తుండగా నేను వెనక వరసలో కూర్చుని తెరతో పాటు మిమ్మల్ని కూడా గమనించాను. చివర్లో సమాధి దగ్గర ఒక సన్నివేశం ఉంది కదా. కూతురు ఫెంగ్‌షియా ప్రసవంలో చనిపోయింది. ప్రాణం పోయగలిగిన ఒకే ఒక్క డాక్టరు, ఆకలితో నకనకలాడుతూ ఏడు బన్నులు తినేసి, పైన నీళ్ళు తాగి, కడుపు ఉబ్బి కదలలేక పడిపోయాడు. ఆ నీళ్ళు తాగించింది ఆమె తండ్రి ఫుగ్వీనే. సమాధి ముందు కూర్చుని ఆ తండ్రి లెక్క వేస్తాడు. నీళ్ళు తాగితే కడుపులో ఒక బన్ను ఏడు బన్నులంత అవుతుందట, ఆయన తిన్నది ఏడు, ఏడేళ్ళు నలభై తొమ్మిది. ఆ లెక్క దగ్గర ఈ హాల్లో నలుగురైదుగురు నవ్వారు. నవ్వి, తప్పు చేసినట్టు టక్కున ఆపేశారు. తప్పేమీ లేదు. ఆ నవ్వు రావాలనే ఆ నటుడు ఆ మాట అలా పలికాడు. ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ నవ్వు గురించి, దాన్ని రప్పించిన మనిషి గురించి.

ఆయన పేరు గె యో. మనకున్నట్టే చైనాలో కూడా ఇంటిపేరు ముందు వస్తుంది. గె ఇంటిపేరు, యో ఆయన పేరు. పుట్టింది 1957 ఏప్రిల్ 19న, బీజింగ్‌లో. చైనాలో మూడు తరాల ప్రేక్షకులకు ఈయన హాస్యనటుడు. పోస్టరు మీద ఆ బట్టతల, ఆ సన్నటి ముఖం కనిపిస్తే చాలు, నవ్వుకోవడానికి సిద్ధపడి టికెట్ కొంటారు. ఫుగ్వీగా చూసిన మీకు ఇది వింతగా ఉండొచ్చు. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. నేను కూడా మొదట చూసింది ఈ సినిమానే. తర్వాత ఆయన కామెడీలు వరసగా చూస్తూ పోతే, ఫుగ్వీని చేసిన చెయ్యే వాటినీ చేసిందని తెలిసింది.

ఆయన తండ్రి గె సున్‌జువాంగ్ బీజింగ్ ఫిల్మ్ స్టూడియోలో నటుడు. తల్లి అదే స్టూడియోలో స్క్రిప్టులు చూసే ఎడిటర్. అంటే సినిమా ఇంట్లోనే పుట్టాడు. కాకపోతే తండ్రి వేసినవన్నీ దాదాపు విలన్ వేషాలే. జపాన్ సైనికాధికారి, పల్లెను పీడించే భూస్వామి, ఇలాంటివి. 1963లో వచ్చిన 'లిటిల్ సోల్జర్ జాంగ్ గా' అనే పిల్లల సినిమాలో ఆయన జపాన్ అధికారి. చైనాలో ఆ తరం పిల్లలందరికీ ఆ ముఖం తెలుసు. ఊరంతా తిట్టుకునే ముఖం ఇంటికొచ్చి అన్నం తింటుంటే చూస్తూ పెరిగిన కొడుకు ఇతను. నటన అంటే ఏమిటో అతనికి బడిలో కాదు, భోజనాల దగ్గర తెలిసి ఉంటుంది. ఇది నా ఊహే. కానీ తర్వాత ఆయన వేసిన మోసగాళ్ళనూ దొంగలనూ చూస్తే ఆ ఊహ వదలబుద్ధి కాదు. ఏ చెడ్డవాడినీ ఆయన చెడ్డవాడిగా నటించడు.

మావో నడిపిన సాంస్కృతిక విప్లవం (1966-76) రోజుల్లో చదువుకున్న యువకులను పల్లెలకు పంపేవారు. గె యో వంతు ఆ కాలం చివర్లో, 1976 ప్రాంతంలో వచ్చింది. బీజింగ్ శివార్లలోని చాంగ్‌పింగ్‌కు పంపారు. అక్కడ ఆయనకు అప్పజెప్పిన పని పందులు మేపడం. సుమారు మూడేళ్ళు అదే పని. కుడితి కలపడం, దొడ్డి కడగడం, ఈనే పంది దగ్గర రాత్రుళ్ళు కాపలా. అక్కడి నుంచి బయటపడాలంటే ఏదో ఒక నాటక సంస్థలో చేరాలి. ప్రయత్నించాడు. రెండు మూడు చోట్ల తిప్పి పంపేశారు. ముఖం హీరోది కాదు, గొంతు గంభీరమైనది కాదు, పదిమంది ముందు నిలబడితే భయం.

చివరికి 1979లో కార్మిక సంఘాల సమాఖ్య వారి కళాబృందం పరీక్షకు వెళ్ళాడు. ఏదైనా ఒక చిన్న ఘట్టం నటించి చూపించమన్నారు. అందరూ వీరులనో, అమరులనో చేసి చూపించే కాలం అది. గె యో పందులకు మేత వేయడం చేసి చూపించాడు. ఉద్యోగం వచ్చింది.

ఇది చైనాలో ఆయన గురించి ఎవరు మాట్లాడినా మొదట చెప్పే కథ. తమాషాగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఇది తమాషాగా అనిపించదు. ఇరవై రెండేళ్ళ కుర్రాడు తాను సిగ్గుపడాల్సిందని లోకం అనుకునే పనిని పరీక్షకుల ముందు యథాతథంగా చేశాడు. వెక్కిరించలేదు, గొప్ప చేయలేదు. పంది ఎటు తిరుగుతుంది, బకెట్ బరువుకు భుజం ఎలా వంగుతుంది, అంతే. ఆయన నటనకు పునాది అక్కడే పడింది.

తర్వాత దాదాపు పదేళ్ళు చిన్నా చితకా వేషాలు. సినిమాల్లోకి 1985లో వచ్చాడు. జనం ఆయన్ను గుర్తుపట్టింది 1988లో, దర్శకుడు మి జియాషాన్ తీసిన 'ది ట్రబుల్‌షూటర్స్' అనే సినిమాతో. ఇది వాంగ్ షువో రాసిన కథ. వాంగ్ షువో గురించి ఒక మాట చెప్పాలి. ఆర్థిక సంస్కరణలు మొదలై పదేళ్ళవుతోంది. పాత నినాదాలు నోట్లో ఉన్నాయి, జేబులో మాత్రం కొత్త కోరికలున్నాయి. బీజింగ్ వీధుల్లో పనీపాటా లేని కుర్రాళ్ళు పార్టీ పత్రికల భాషనే తిరగేసి మాట్లాడుతూ నవ్వుకునేవారు. ఆ మాటను సాహిత్యంలోకి తెచ్చింది వాంగ్ షువో. దాన్ని తెరమీద పలకడానికి సరైన గొంతు గె యోది.

ఆ సినిమాలో ముగ్గురు స్నేహితులు ఒక కంపెనీ పెడతారు. జనం కష్టాలు తీర్చడం, విసుగు పోగొట్టడం, వాళ్ళ బదులు తిట్లు తినడం, ఇదీ వాళ్ళ వ్యాపారం. గె యో వేసిన పాత్ర యాంగ్ జోంగ్. ఒక డాక్టరుకు ప్రేమించిన అమ్మాయిని కలిసే తీరిక ఉండదు. అతని బదులు యాంగ్ జోంగ్ వెళ్ళి ఆ అమ్మాయితో కబుర్లు చెబుతాడు. ఎంత బరువైన మాటైనా చాలా తేలిగ్గా, కాస్త బద్ధకంగా, ముఖంలో గీత కూడా కదలకుండా అంటాడు. చైనాలో ఇలాంటి హాస్యాన్ని 'చల్లని ముఖం' అంటారు. నవ్వించేవాడు నవ్వడు. కళ్ళు పెద్దవి చేయడు. డైలాగు అయిపోయాక 'నవ్వండి' అన్నట్టు ఆగడు. పక్కవాడితో మామూలుగా మాట్లాడి పోతాడు. మనకు అర్థమయ్యేసరికి అతను తర్వాతి మాటలో ఉంటాడు.

1990ల మొదట్లో టీవీలో 'స్టోరీస్ ఫ్రమ్ ది ఎడిటోరియల్ బోర్డ్' వచ్చింది. ఒక పత్రికాఫీసు, ఆరుగురు ఉద్యోగులు, రోజుకో గొడవ. దాంతో ఆయన ఇంటింటి మనిషయ్యాడు. ఆ సీరియల్ రాసినవారిలో ఫెంగ్ షావ్‌గాంగ్ అనే యువకుడున్నాడు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది. 1992లో 'ఆఫ్టర్ సెపరేషన్' అనే సినిమా. భార్యను విదేశానికి పంపి బీజింగ్‌లో ఒంటరిగా మిగిలిన మగవాడి పాత్ర. దానికి 1993లో చైనాలో ప్రతిష్ఠాత్మకమైన గోల్డెన్ రూస్టర్ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. అంటే ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవం కంటే ముందే స్వదేశం ఆయన్ను గుర్తించింది.

అదే 1993లో దర్శకుడు చెన్ కైగె సినిమా 'ఫేర్‌వెల్ మై కాంక్యుబైన్'. దానికి కాన్‌లో అత్యున్నత బహుమతి పామ్ డోర్ వచ్చింది. గె యో అందులో యువాన్ అనే ధనవంతుడు, పెకింగ్ ఒపెరా అనే సంప్రదాయ సంగీత నాటకమంటే ప్రాణం పెట్టే రసికుడు. హాస్యనటుడికి ఈ వేషమేమిటని అప్పుడు చాలామంది అనుకుని ఉంటారు. ఆయన మేకప్ గదిలోకి వచ్చి రాజు వేషం వేసే నటుడికి ఒక తప్పు చూపిస్తాడు. సంప్రదాయం ప్రకారం రాజు ఏడడుగులు వేయాలి, మీరు ఐదే వేశారు అని. మర్యాదగానే అంటాడు, అయినా వింటున్నవాడికి చెంపమీద కొట్టినట్టుంటుంది. కమ్యూనిస్టు విప్లవం వచ్చాక ఆ యువాన్‌ను బహిరంగ విచారణలో నిలబెట్టి మరణశిక్ష వేస్తారు. లాక్కెళుతుంటే అతను ఒపెరా రంగస్థలం మీద నడిచే నడక నడుస్తాడు. కొన్ని క్షణాలే. చావుకు వెళుతున్నవాడు అడుగుల లెక్క మాత్రం తప్పలేదు.

ఇక మనం ఇప్పుడు చూసిన సినిమా. 1994. దర్శకుడు జాంగ్ యిమౌ, మూలం యూ హువా నవల. చైనీస్ పేరు 'హువో జె', అంటే బతికి ఉండటం. నవలలో తోలుబొమ్మలు లేవు. పల్లెటూరి కథ అది, చివరికి ఫుగ్వీకి ఒక ముసలి ఎద్దు తప్ప ఎవరూ మిగలరు. కథను పట్టణానికి తెచ్చి, ఫుగ్వీ చేతికి బొమ్మలిచ్చింది జాంగ్ యిమౌ. తెల్లటి తెర, వెనక దీపం, చర్మంతో చేసి రంగులద్దిన బొమ్మలు. మన తోలుబొమ్మలాట చూసినవాళ్ళకు ఆ ఆటను పరిచయం చేయక్కర్లేదు, బొమ్మల సైజు తప్ప మిగతా అంతా ఎరిగినదే.

జూదంలో ఇల్లు పోగొట్టుకున్న ఫుగ్వీకి గెలిచినవాడే ఆ బొమ్మల పెట్టె అప్పిస్తాడు. తర్వాత ఆ గెలిచినవాడు భూస్వామి అయ్యాడు కాబట్టి కాల్చి చంపుతారు. ఐదు తూటాల చప్పుడు. గోడ వారన ఫుగ్వీకి పంట్లాం తడిసిపోతుంది. ఇల్లు ఉండి ఉంటే ఆ తూటాలు తనవే. ఇంటికి పరుగెత్తుకొచ్చి భార్యతో అన్నమాట గుర్తుందా? సైన్యంలో పనిచేసినట్టు తనకిచ్చిన ధ్రువపత్రం ఎక్కడ అని వెతుకుతాడు. అది బట్టలతో పాటు ఉతుక్కి పోయి పీలికలైంది. దాన్నే ఫ్రేము కట్టించి గోడకు పెడతారు. ఆ ఘట్టంలో గె యో ఎక్కడా 'ఇది కామెడీ' అనడు. ప్రాణభయంతో వణుకుతున్న మనిషి ఒక కాగితం కోసం ఇల్లంతా చిందరవందర చేస్తుంటే మనకు నవ్వొస్తుంది, ఆ నవ్వు గొంతులోనే ఉండిపోతుంది.

పందుల దొడ్డి ఇక్కడ పనికొచ్చిందని నేనంటాను. మొదట్లో జూదశాలలో పట్టుబట్టల ఫుగ్వీ వెన్ను చూడండి, తర్వాత నీళ్ళు మోసే ఫుగ్వీ భుజం చూడండి, చివర్లో మనవడిని కూర్చోబెట్టుకున్న తాత నడుము చూడండి. ముప్పై ఏళ్ళ వయసు వీపు మీదే గడిచింది. మేకప్ చేసింది తక్కువ. నిద్రకు తూగే కొడుకును వీపున మోసుకెళ్తూ కథ చెప్పే తండ్రి ఉన్నాడే, ఆ బరువు నటించిన బరువులా ఉండదు. ఆ పిల్లవాడిని బడికి పంపకపోతే వెనకబడినవాళ్ళమంటారేమోనని భయపడి తానే మోసుకెళ్తాడు. అక్కడే పిల్లవాడు చనిపోతాడు. ఆ నేరభావం తర్వాత ఒక్క డైలాగులో కూడా ఆయన పైకి చెప్పడు. భార్యగా గాంగ్ లీ ఏడుస్తుంది, ఆయన నిలబడతాడు.

1994 మే నెలలో కాన్‌లో ఉత్తమ నటుడి బహుమతి గె యోకు ఇచ్చారు. ఆ ఏడు జ్యూరీకి అధ్యక్షుడు క్లింట్ ఈస్ట్‌వుడ్. ఆ బహుమతి అందుకున్న మొదటి చైనా నటుడు ఈయనే. తర్వాత 2000లో హాంకాంగ్ నటుడు టోనీ లియాంగ్‌కు వచ్చింది. కాన్ బహుమతి అందుకున్ననాటికి గె యో వయసు 37. కానీ సినిమా స్వదేశంలో థియేటర్లకు రానే లేదు. ప్రపంచం ఉత్తమ నటుడన్న పాత్రను సొంత దేశంలో జనం హాల్లో కూర్చుని చూడలేకపోయారు. దొంగ డిస్కుల మీద చూశారు. దీన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కాన్ బహుమతి వచ్చిన నటుడు తర్వాత ఏం చేస్తాడు? గంభీరమైన సినిమాలే ఒప్పుకుని, చిత్రోత్సవాల చుట్టూ తిరుగుతాడు. గె యో మళ్ళీ నవ్వించడానికి వెళ్ళాడు. ఇందుకే ఆయనంటే నాకు అంత గౌరవం.

అప్పుడు చైనా సినిమా పరిస్థితి బాగాలేదు. హాళ్ళకు జనం తగ్గిపోయారు. 1994 చివరి నుంచి ఏడాదికి పది విదేశీ సినిమాలను వసూళ్ళ వాటా పద్ధతిలో తెప్పించడం మొదలైంది. హాలీవుడ్ బొమ్మకు వరసలు కడుతున్నారు, స్థానిక బొమ్మకు ఖాళీ కుర్చీలు. అప్పుడు ఫెంగ్ షావ్‌గాంగ్ ఒక పని చేశాడు. కొత్త సంవత్సరం సెలవులకు కుటుంబమంతా కలిసి చూసే కామెడీ తీస్తానన్నాడు. హాంకాంగ్‌లో ఆ ఆనవాయితీ ముందే ఉంది. చైనా ప్రధాన భూభాగంలో అదే మొదలు. 1997 చివర్లో 'ది డ్రీమ్ ఫ్యాక్టరీ' విడుదలైంది. ఖర్చు తక్కువ, వసూలు 3 కోట్ల యువాన్లకు పైగా. తర్వాత రెండేళ్ళూ వాళ్ళిద్దరే, 'బీ దేర్ ఆర్ బీ స్క్వేర్', 'సారీ బేబీ'. మనకు సంక్రాంతి సినిమా ఎలాగో అక్కడ ఏడాది చివరి సినిమా అలాగైంది, దానికి ముఖం గె యో.

'ది డ్రీమ్ ఫ్యాక్టరీ'లో నలుగురు కలిసి ఒక్కరోజు కల తీర్చే కంపెనీ నడుపుతారు. పుస్తకాలమ్మే అతనికి ఒకరోజు అమెరికా సేనాని జనరల్ ప్యాటన్ కావాలని ఉంటుంది. నోట్లో నువ్వుగింజ నానని వంటవాడు, చంపినా రహస్యం చెప్పని వీరుడు కావాలనుకుంటాడు. డబ్బు ఎక్కువై కష్టం రుచి చూడాలనుకున్న పెద్దమనిషిని ఒక పేదపల్లెలో వదిలేసి వస్తారు, తిరిగి వెళ్ళేసరికి ఊళ్ళో కోళ్ళన్నీ ఆయన తినేసి ఉంటాడు. ఇవన్నీ నవ్వుకునే ముక్కలే. చివర్లో మాత్రం గె యో పాత్ర తన పెళ్ళికని సిద్ధం చేసుకున్న కొత్త ఇల్లు, క్యాన్సర్‌తో చనిపోబోతున్న ఒకామెకూ ఆమె భర్తకూ ఇచ్చేస్తుంది. ఆ ఇల్లు ఇచ్చేటప్పుడు ఆయన ముఖం చూడండి. ఫుగ్వీ కనిపిస్తాడు.

2000 తర్వాతి సినిమాలన్నీ చెప్పుకుంటూ పోను. 'సెల్ ఫోన్'లో భార్యకు అబద్ధాలు చెప్పే టీవీ యాంకర్, 'ఎ వరల్డ్ వితౌట్ థీవ్స్'లో దొంగల నాయకుడు. 2008లో 'ఇఫ్ యూ ఆర్ ది వన్', పెళ్ళి ప్రకటన ఇచ్చి అమ్మాయిలను కలిసే నడివయసు మనిషి. దాని వసూళ్ళు 30 కోట్ల యువాన్లు దాటాయి. అందులో చూపించిన జపాన్ హొక్కైడోకు చైనా టూరిస్టులు గుంపులుగా వెళ్ళారు.

ఒక్క 2010 నాటి 'లెట్ ది బుల్లెట్స్ ఫ్లై' దగ్గర ఆగాలి. జియాంగ్ వెన్ తీసింది. డబ్బిచ్చి జిల్లా అధికారి పదవి కొనుక్కున్న మోసగాడు గె యో. గుర్రాలు లాగే రైల్లో, మరిగే పులుసులో ఉడికించుకుని తినే హాట్‌పాట్ తింటూ, పాడుతూ వస్తుంటే బందిపోట్లు అడ్డగిస్తారు. ప్రాణం దక్కించుకోవడానికి తాను అధికారిని కాదు, అధికారి సలహాదారునంటాడు. సినిమా అంతా వాడిది ఒకటే తపన, బతకడం, వీలైతే కాస్త డబ్బుతో బతకడం. చివరికి పేలుడులో చిక్కుకుని వెండి నాణేల కుప్పలో నడుము దాకా కూరుకుపోయి, స్నేహితుడితో తాను చెప్పిన అబద్ధాలు ఒప్పుకోబోతూ కన్నుమూస్తాడు. కోరుకున్న వెండి మధ్యలోనే చావు. హాలంతా నవ్వుతూ నవ్వుతూ ఉండగా ఆ ఘట్టం వస్తుంది. అదే మనిషి, అదే లెక్క.

మీలో కుర్రవాళ్ళు ఆయన్ను సినిమాల్లో కాక ఫోన్లో చూసి ఉండొచ్చు. 1993 నాటి 'ఐ లవ్ మై ఫ్యామిలీ' అనే సీరియల్లో ఒకరి ఇంట్లో తిష్ట వేసి తేరగా తినే మనిషిగా ఆయన కొద్ది ఎపిసోడ్లే చేశాడు. సోఫాలో ఎముకల్లేనట్టు జారగిలపడి ఉంటాడు. ఇరవై ఏళ్ళు దాటాక, 2016లో, ఆ బొమ్మ చైనా ఇంటర్నెట్ అంతా పాకింది. 'గె యో పడక' అని దానికి పేరు. ఉద్యోగాల టెన్షన్‌తో అలిసిపోయిన కుర్రకారుకు ఆ పడక తమదే అనిపించింది. కంపెనీలు ఊరుకుంటాయా? అడగకుండా ప్రకటనల్లో వాడుకున్నాయి. ఆయన కోర్టుకు వెళ్ళాడు, ఒకటి కాదు, చాలా కేసులు వేశాడు. ఒక ట్రావెల్ వెబ్‌సైటు క్షమాపణ చెప్పి 75,000 యువాన్లు కట్టాలని కోర్టు తీర్పిచ్చింది. మనసు చిన్నదని కొందరన్నారు. నేను ఒప్పుకోను. ఒళ్ళు ఎలా వాల్చాలో కనిపెట్టడానికి ఒక నటుడికి ఎన్నేళ్ళు పడుతుంది? అది ఆయన సొంత పని. పంది మేత నుంచి సోఫా దాకా ఆ ఒంటితోనే ఆయన సంపాదించుకున్నది.

మళ్ళీ ఒక్కసారి ఫుగ్వీ దగ్గరికి రండి. 1966లో బొమ్మలు పాతకాలపువని, ఉంచుకుంటే ప్రమాదమని తగలబెట్టేశారు. పెట్టె మిగిలింది. సినిమా చివరి నిమిషాల్లో మనవడు కోడిపిల్లలు తెస్తే తాత మంచం కిందినుంచి ఆ ఖాళీ పెట్టె లాగుతాడు. మనవడి పేరు మాంటౌ, అంటే బన్ను. తల్లిని పోగొట్టిన తిండి పేరే ఆ పిల్లవాడికి పెట్టుకున్నారు.

కోడిపిల్లలు పెరిగి బాతులవుతాయి, బాతులు గొర్రెలవుతాయి, గొర్రెలు ఎద్దులవుతాయి అని వెనక కొడుకుకు చెప్పాడు. ఎద్దుల తర్వాత ఏమిటంటే కమ్యూనిజం వస్తుందని, రోజూ మాంసం తినొచ్చని అప్పుడన్నాడు. ఇప్పుడు మనవడు అదే ప్రశ్న అడిగాడు. ఈసారి ఫుగ్వీ నోట ఆ మాట రాలేదు. ఒక్క క్షణం ఆగాడు. ఎద్దుల తర్వాత మాంటౌ పెద్దవాడవుతాడు అని అమ్మమ్మ అందుకుంది. అప్పుడు తాత, నువ్వు రైలెక్కుతావు, విమానమెక్కుతావు అన్నాడు.

ఆ ఆగిన క్షణాన్ని ఇంటికెళ్ళి ఇంకోసారి చూడమని అడుగుతున్నాను. ముఖంలో ఏమీ కదలదు. కళ్ళు పెట్టె మీదే ఉంటాయి. కొడుకు, కూతురు, తగలబడిన బొమ్మలు, ఇవేవీ ఆయన మనకు గుర్తుచేయడు, మనకే గుర్తొస్తాయి. 'ది ట్రబుల్‌షూటర్స్'లో జోక్ ముందు ఎలా ఆగేవాడో ఇక్కడా అలాగే ఆగాడు.

వచ్చే నెల రెండో ఆదివారం, ఇదే టైముకి, 'ది డ్రీమ్ ఫ్యాక్టరీ' వేస్తున్నాం. పిల్లల్ని కూడా తీసుకురండి, వాళ్ళకు కోళ్ళ కథ బాగా నచ్చుతుంది. ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి. వెనక వరసలో అమ్మా, మీరు ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు, మైకు ఇస్తారు, చెప్పండి.